నెమరు తగ్గిన ఆవు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పశువు జ్వరముతో మేత మానివేసినచో ఇంటిల్లిపాదియు కంగారుపడుదురు. వైద్యునికి కబురు పోవును. కాని నెలల తరబడి లోలోపల తినివేయు జబ్బు అట్లు చాటుకొని రాదు. అది పాడియావు నడవడిలో కొద్దికొద్దిగా కనిపించును. దానిని ముందుగా కనిపెట్టగలవారు పాలు పితుకువారు, పసులకాపరి, మేత వేయు ఇల్లాలు. వారి మాటను పెడచెవిని పెట్టరాదని మనవి చేయుటకే నేడు మీ ముందు నిలిచితిని.

ఆరోగ్యము గల ఆవు దినచర్య ఒక పద్ధతిగా సాగును. అది రోజుకు సుమారు 10 నుండి 12 గంటలు పండుకొనును. 7, 8 గంటలు నెమరువేయును. ఒక్కొక్క ముద్దను సుమారు 50 సార్లు నములును. ముట్టె తడిగా నుండును, చెవులు కదలుచుండును, మందతో కలిసి మేయును.

బాధ గల పశువునకు సాధారణముగా నెమరు తగ్గును. గిట్టలో పుండున్న ఆవు ఎక్కువసేపు పండుకొనును, మందలో వెనుకబడును. పొదుగువాపు గలది పండుకొనుటకు జంకి నిలుచుండును, పితుకునపుడు తన్నును. మనము దానిని పొగరుబోతని కర్రతో కొట్టుదుము. పాపము, అది తన నొప్పిని తెలుపుకొన్నది, అంతే.

అన్నిటికంటె మోసపుచ్చునది జోన్స్ వ్యాధి. దీనిని 1895లో జర్మనీ దేశమున శాస్త్రజ్ఞులు గుర్తించిరి. పేడ అంటిన పొదుగును చీకుటవలన, జబ్బుపడిన తల్లి పాలవలన ఇది దూడ వయసులోనే సోకును. ఆనవాళ్లు మాత్రము సాధారణముగా రెండు మొదలు ఐదేండ్ల తరువాతగాని బయటపడవు. ఆవు మేత మానదు, జ్వరమును ఉండదు. అయినను పారుకొనుచు, దప్పిక హెచ్చి, నానాటికి చిక్కిపోవును. తుదకు దవడ క్రింద నీరు దిగును. దీనిని నయముచేయు మందు లేదు.

ఇచ్చటనే ధర్మసంకటమున్నది. "తినుచున్నది గదా" యని దానిని సంతకు తోలినచో అమ్మినవాని నష్టము తీరును. కొన్నవాని కొట్టములోని దూడలకు జబ్బు చేరును. అట్లని అమ్మినవానిని నిందించి లాభము లేదు. ఆ ఆవే వాని సర్వస్వము కావచ్చును. పైగా దవడ వాపు, చిక్కిపోవుట కార్జపు జలగలవలనను కలుగును. ఆ జబ్బునకు మందు కలదు. కావున పేడను, రక్తమును పరీక్ష చేయించక ముందే ఆవును అమ్ముటయు తగదు, ఆశ వదలుకొనుటయు తగదు.

పంచాయతీ చేయదగిన పనులు కొన్ని గలవు. కార్జపు జలగలు నత్తల మూలమున వ్యాపించును గనుక, పశువులు చెరువు బురదలో దిగి త్రాగకుండ నీటితొట్టెలు కట్టించి శుభ్రముగా నుంచవలెను. ఈనుటకు పొడి స్థలమును ఏర్పరచుకొనునట్లును, దూడలను పెద్ద పశువుల పేడకు దూరముగా నుంచునట్లును రైతులకు చెప్పవలెను. చిక్కిపోవు పశువు కనబడిన వెంటనే పశువైద్యుని పిలిపించవలెను. అందులకు 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. పాలను కాచియే త్రాగవలెనని ఇంటింట తెలుపవలెను.

ఆవునకు నోరు లేదు. నడవడియే దాని భాష. ఆ భాషను ఊరంతయు నేర్చుకొన్ననాడు ఆవులకు బాధయు, రైతునకు నష్టమును తగ్గును.