చిలీ దేశపు తాళవృక్షము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



తాడి, ఈత, కొబ్బరి మన ఊళ్లకు చిరపరిచితములు. వీని జ్ఞాతి యొకటి దక్షిణ అమెరికాలో, మధ్య చిలీ కొండలోయలలో పుట్టినది. పూర్వము ఉత్తర ఆఫ్రికాలోని మౌరిటేనియాను ఏలిన విద్వాంసుడు రెండవ జూబా పేర శాస్త్రజ్ఞులు దానికి జూబియా యని నామకరణము చేసిరి. ఏనుగు కాలివలె బూడిదవన్నె గల దాని మాను మీటరు వెడలుపు వరకు బలియును. ఎత్తు 20 మీటర్లు దాటవచ్చును. కాయలోని గింజ పెద్ద గోలీయంత కొబ్బరికాయయే; లోన తెల్లని కొబ్బరియు గలదు.

1834లో చార్లెస్ డార్విన్ ఆ దేశమున సంచరించునాటికి, అచ్చటివారు ఈ చెట్టును కూల్చి, తల నరికి, ప్రతి ఉదయమును కోతపై పలుచని పొర చెక్కుచు కొన్ని మాసములు రసము పట్టుచుండిరి. మంచి చెట్టు ఇంచుమించు 400 లీటర్లు ఇచ్చునట. దానిని కాచి తీయని పాకము చేయుదురు. మన గీతకాడు తాటి గెలను గీసి కల్లు దీసినను చెట్టు మరుసటి యేటికి నిలిచియుండును. అచ్చట రసముతో పాటు చెట్టును పోయెను. అట్లు అడవులు క్షీణించినవి. మిగిలినవానిలో పెక్కింటికి 1967లో ఏర్పడిన లా కంపానా జాతీయవనము ఆశ్రయమైనది.

కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ ఉద్యానము వంటి వెచ్చని తోటలలోను దీనిని పెంచుచున్నారు. విత్తు మొలచుటకే ఆరు మాసములు మొదలు ఏడాదికి పైగా పట్టవచ్చును. నీరు నిలువని నేల, నిండు ఎండ, పొడిగాలి, చలికాలపు వాన దీనికి హితములు. లేత మొక్కకు వేసవిలో నీరు తప్పక పోయవలెను. ఆకు 3 మొదలు 5 మీటర్లు చాచును గనుక ఇరుకుతావున నాటరాదు. చాల ఏండ్లు మొదలు లావెక్కుటయే గాని మాను పైకి లేవదు. పూవు కనుటకు సుమారు 60 ఏండ్లు పట్టును.

60 ఏండ్ల జమ. ఖర్చు ఒక్క గొడ్డలిపూట! ఈ గ్రంథాలయము వెలసిన నాడే ఆ విత్తు పాతియుండినను, నేటి ఉత్సవమునకు పూవైనను కానరాదు. అయినను అచ్చటి తోటమాలులు పాతుచునే యున్నారు. కాయ తినువాడు మనుమడని వారెరుగుదురు.

మన కోస్తా ఉక్కపోత ఆ చెట్టునకు సరిపడదు. అందులకు చింతింప బనిలేదు. మన పొలముగట్ల తాళ్లను కాపాడినవారు తాతలు. ముంజలు తిన్నవారు మనుమలు. గట్టుపై నొక తాటిటెంక పాతుటకు చిలీ పోనక్కరలేదు.