బ్యాటరీ పానా కొనబోయే ఇంటికి



ఈవేళ్టి విషయం వినగానే "ఆడవాళ్ళ కార్యక్రమంలో పానాలూ నట్లూ ఏమిటమ్మా!" అని మీలో కొందరు రేడియో కట్టేయబోతారేమో. కాస్త ఆగండి. చీర కొనాలంటే తాడితోటలో నలభై చీరలు దింపిస్తాం. మిక్సీ కొనాలంటే నాలుగు కొట్లు తిరిగి నలుగురిని అడుగుతాం. మరి అబ్బాయి రావులపాలెం రోడ్డుమీద టైర్ల షాపు పెడతానన్నాడనుకోండి. డ్వాక్రా సంఘంలో అప్పు తీసేదెవరు? నెలనెలా వాయిదా కట్టేదెవరు? మనమే కదండీ! అప్పు మనదైనప్పుడు, ఆ డబ్బుతో ఇంటికొచ్చే పనిముట్టు ఎల్లాంటిదో తెలుసుకునే హక్కూ మనదే. "నీకేం తెలుసులే అమ్మా" అని వాడు అనేలోపల మనం మూడు ప్రశ్నలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ మూడూ చెప్పడానికే ఈ ప్రసంగం.

ఆ పనిముట్టు పేరు కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచి. చూడడానికి తుపాకీలా ఉంటుంది. ముందు నట్టుకి తొడిగే గిన్నె, కింద పిడికి తగిలించే బ్యాటరీ. మీట నొక్కితే బిర్రబిగుసుకున్న నట్టు కూడా క్షణాలమీద ఊడివస్తుంది. మనం దీన్ని బ్యాటరీ పానా అనుకుందాం.

మన గోదావరి డెల్టాలో దీనితో పని చాలా ఉంది. సార్వాకీ దాళ్వాకీ దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు రబ్బరు చక్రాలు తీసేసో, వాటి పక్కనో ఇనప దమ్ము చక్రాలు బిగిస్తారు. దమ్ము అయిపోగానే మళ్ళీ అవి విప్పాలి. బురదలో నానిన నట్లు ఒక పట్టాన రావు. పానాకి ఇనప పైపు తొడిగి, దానిమీద మనిషి ఎక్కి తొక్కడం మీరు చూసే ఉంటారు. పానా జారిందా, మోకాలిచిప్పకి ముప్పే. భీమవరం, ఆకివీడు వైపు వెళితే చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు అక్కడ ప్రాణం. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆ వేళ ఏరేటరు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. ఉప్పు తేమకి తుప్పుపట్టిన బోల్టు అప్పుడు ఊడాలి. తడిగట్టుమీద కరెంటు వైరు లాగడం ప్రాణాలతో చెలగాటం. అల్లాంటి చోట వైరు లేని పానా సౌకర్యం మాత్రమే అనుకోకండి, రక్షణ కూడాను.

ఇంకో మాట. పైపుమీద ఎక్కి తొక్కే బలం లేదనే కదా ఇన్నాళ్ళూ ఈ పని ఆడవాళ్ళది కాదన్నారు! ఈ పానాకి ఆ బలం అక్కర్లేదు. ఎందుకో చెబుతాను.

దీని కడుపులో ఒక చిన్న సుత్తీ, ఒక దాగలీ ఉంటాయి. మోటారు సుత్తిని తిప్పుతుంది. నట్టు మొరాయించగానే సుత్తి వెనక్కి జరిగి, స్ప్రింగు తోయగా తిరుగుతూ వచ్చి దాగలిని కొడుతుంది. అల్లా నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు. రోట్లో ధాన్యాన్ని రోకలితో అదిమితే దంగుతుందా? పోటుమీద పోటు వేస్తేనే కదా! ఇదీ అంతే. దెబ్బ నట్టుకి తగులుతుంది, మన మణికట్టు మెలితిరగదు. మోయవలసినదల్లా పానా బరువే. రెండు మూడు కిలోలు, నీళ్ళ బిందెకంటే చాలా తక్కువ.

వైరు లేకపోవడం అనే సుఖం ఊరికే రాలేదు. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ చేతితో పట్టుకునే కరెంటు డ్రిల్లు తయారుచేసింది. 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ వారు తుపాకీ పిడీ, మీటా ఉన్న డ్రిల్లుకి పేటెంటు పొందారు. 1961లో వారే వైరు లేని డ్రిల్లు తెచ్చారు. కాని ఆనాటి నికెల్ కాడ్మియం బ్యాటరీ బరువెక్కువ, శక్తి తక్కువ. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్టుకి తెచ్చాక కథ మారింది. ఆ బ్యాటరీకి బాట వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన చేతిలో పానా బలం, ఆయుష్షు, ధర అన్నీ ఆ బ్యాటరీమీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంటే సగం బేరం నెగ్గినట్టే.

ఇక మొదటి ప్రశ్న. "ఏ నట్టు విప్పాలి నాయనా?"

తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. మీటరు పొడవు కడ్డీ చివర పది కిలోల బియ్యం మూట వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో, అది సుమారు 100 న్యూటన్ మీటర్లు. చిన్న కారు చక్రం నట్టు బిగించడానికి ఇంచుమించు అంత చాలు. ట్రాక్టరు వెనక చక్రానికి రెట్టింపూ ఆపైనా కావాలి. పెద్ద లారీలకి 500 దాటినవీ ఉన్నాయి. సరైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. తుప్పుపట్టిన నట్టు విప్పడానికి బిగించినప్పటికంటే ఎక్కువ బలం కావాలి కనుక, ఆ అంకెకి రెట్టింపు బలమున్న పానా చూసుకోవడం మేలు.

పెట్టెమీద పెద్ద అక్షరాలతో వేసే అంకె చాలాసార్లు విప్పే బలానిది. బిగించే బలం అంతకంటే తక్కువ. రెండూ అడగండి. పానా ముక్కు చదరంగా ఉండాలి. కార్లకీ, మామూలు ట్రాక్టరు పనికీ అర అంగుళం ముక్కు, లారీలకి ముప్పావు అంగుళమో, అంగుళమో. ముక్కు బదులు ఆరుపలకల రంధ్రం కనిపిస్తే అది ఇంపాక్ట్ డ్రైవరు. మరలు బిగించే వడ్రంగికి పనికొస్తుంది, చక్రాలకి కాదు. పేర్లు దగ్గరగా ఉండడంవల్ల ఒకటి అనుకుని మరొకటి పట్టుకొచ్చేవాళ్ళున్నారు.

రెండో ప్రశ్న. "ఈ బ్యాటరీ ఏ వంశానిది?"

నవ్వకండి, వంశమే. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ పానాకి సాధారణంగా పట్టదు. ఈవేళ పానా కొన్నారంటే, రేపు డ్రిల్లూ, ఎల్లుండి గ్రైండరూ అదే కంపెనీవి కొనడానికి మాట ఇచ్చినట్టే. సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తామే, ఇక్కడా అంతే. బాష్ వారి నీలంరంగు పరికరాలు వృత్తి పనివారికి, పచ్చరంగువి ఇంటి వాడకానికి. ఇంటిపేరు ఒకటే, కాని దీని 18 వోల్టుల బ్యాటరీ దానికి పట్టదు. మకీటా వారి 18 వోల్టుల బ్యాటరీ వారి 40 వోల్టుల పానాకి పట్టదు. డివాల్ట్, స్టాన్లీ ఒకే యాజమాన్యం కింద ఉన్నా బ్యాటరీలు వేరు. ఇంట్లో ఇప్పటికే ఏదైనా బ్యాటరీ డ్రిల్లు ఉంటే దాన్ని సంచీలో వేసుకునే కొట్టుకి వెళ్ళండి.

అంకెల గారడీ ఒకటి ఉంది. ఒక పెట్టెమీద 18 వోల్టులనీ, పక్కదానిమీద 20 వోల్టులు మాక్స్ అనీ ఉంటుంది. రెండింటిలోనూ వరసకి అయిదు ఘటాలే. ఒక్కొక్కటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జి అయినప్పుడు సుమారు 4. ఒకరు మామూలు లెక్క వేశారు, ఒకరు నిండు లెక్క వేశారు, అంతే తేడా. కొన్ని చౌకరకాలమీద 88 అనో, 188 అనో వేసి పక్కన వి.ఎఫ్. అని ఉంటుంది. అవి వోల్టులు కావు, బెదిరిపోకండి. అడగవలసిన రెండో అంకె ఆంపియర్ అవర్లు. వోల్టుల్నీ దీన్నీ గుణిస్తే బ్యాటరీలో నిలవ ఎంతో తెలుస్తుంది. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అయితే 90 వాట్ అవర్లు. అదే 2 అయితే 36. పైకి బ్యాటరీ బ్యాటరీలాగే ఉంటుంది, నిలవలో మాత్రం కుంచానికీ సోలకీ ఉన్నంత తేడా!

పానా ధర చెప్పినప్పుడు అందులో బ్యాటరీ, ఛార్జరు కలిసి ఉన్నాయో లేదో తప్పక అడగండి. ఒంటి మిషను ధర చూసి చవకనుకుని, ఇంటికొచ్చాక బ్యాటరీకి మళ్ళీ పరుగెత్తడం ఎందుకు?

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. "పాడైతే ఎవరు బాగుచేస్తారు?"

మా ఎరికలో ఒక కుటుంబం సంఘం అప్పు తీసి, సగం ధరకి వచ్చిందని పేరు వినని రకం ఒకటి తెప్పించుకున్నారు. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ తరవాత బ్యాటరీ చచ్చింది. వేరేది దొరకలేదు. అమ్మినవాడు పలకలేదు. పానా అటకెక్కింది, వాయిదాలు మాత్రం ఇంకా ఏడాది కట్టారు. పానాకి ప్రాణం పోలేదు సుమండీ, దానికి తిండి దొరకలేదు.

అందుకని కొట్లో ఇల్లా మాట్లాడండి:

"బాబూ, దీని సర్వీసు సెంటరు దగ్గరలో ఎక్కడుంది?"

"ఆయ్, మాకిచ్చేయండి అమ్మగారూ, మేం పంపిస్తాం."

"ఎక్కడికి పంపిస్తావు? రాజమండ్రిలోనా, విజయవాడకా, హైదరాబాదుకా? ఎన్నాళ్ళు పడుతుంది? ఒక్క బ్యాటరీ కొనాలంటే ఎంత?"

ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వస్తే అది కొనదగిన రకం. కొట్టువాడి మాటతో సరిపెట్టుకోకుండా, కంపెనీ వారికే ఫోను చేసి అడగండి. దమ్ము రోజుల్లో పానా ఇరవై రోజులు ఊళ్ళో లేకపోతే, అదెంత గొప్ప కంపెనీదైతే మనకేం లాభం?

మోటారు సంగతీ అడగాలి. కొన్నిటికి కార్బన్లుంటాయి. అవి అరిగితే మార్చాలి. మన ఊరి మోటారు మెకానిక్కు కూడా మార్చగలడు. బ్రష్‌లెస్ అన్నవాటికి కార్బన్ల బాధ లేదు. వేడి తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కాని లోపలి సర్క్యూటు పోతే సర్వీసు సెంటరే గతి.

జి.ఎస్.టి. బిల్లు లేకుండా కొనకండి. పానాకి ఎన్నాళ్ళు గ్యారంటీ, బ్యాటరీకి ఎన్నాళ్ళు అని విడివిడిగా రాయించుకోండి. మోసం జరిగిందనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. మకీటా కంపెనీ జపానులోని నగోయాలో మోటారు మరమ్మతుల దుకాణంగా మొదలైంది కూడా 1915లోనే. ఆ ఏడు గుర్తుంటే ఈ నంబరు గుర్తుంటుంది!

"ఇన్ని చెప్పారు, ఇంతకీ ఏ కంపెనీది కొనమంటారు?" అంటారా? బాష్ 1886 నాటిది. 1951లో బెంగుళూరులో మైకో పేరుతో మన దేశంలో స్థిరపడింది. డివాల్ట్ 1924లో అమెరికాలో పుట్టింది. హిటాచీ పేరుతో మన పనివాళ్ళు ఎరిగిన డ్రిల్లులు 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి. అన్నీ పేరున్నవే. పోటీలో ఒకటి గెలిచింది అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మీ ఊరికి దగ్గరగా ఎవరి సర్వీసు ఉంటే వారిది మీకు మంచి కంపెనీ. షాపులో కంప్రెసరు ఉండి, పనంతా అక్కడే జరిగేటట్టయితే గాలితో నడిచే గన్ను చాలు. దానికి బ్యాటరీ ఖర్చే లేదు. పొలానికీ, చెరువుగట్టుకీ వెళ్ళేవారికి బ్యాటరీ పానా. వడ్రంగం, కమ్మరం, పడవలు కట్టడం వంటి పద్ధెనిమిది వృత్తులవారికి 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం కింద పనిముట్లకి 15,000 రూపాయల సాయం ఉంది. మీ ఇంటి వృత్తి అందులో ఉందేమో అడిగి చూడండి.

కొన్న తరవాత పాటించవలసినవి కొన్ని. తళతళలాడే మామూలు గిన్నెలు దీనికి తగిలించకూడదు, దెబ్బలకి పగిలి ముక్కలు కంట్లో పడతాయి. ఇంపాక్ట్ కోసం చేసిన నల్లగిన్నెలే వాడాలి. కళ్ళజోడు పెట్టుకోవాలి, చెవుల్లో దూది సరిపోదు, చెవిమూతలు కావాలి. కొంగు నడుముకి బిగించి, చున్నీ తీసేసి, జడ ముడి వేసుకుని, గాజులు తీసి పక్కన పెట్టి మరీ పట్టుకోండి. చక్రం బిగించేటప్పుడు బ్యాటరీ పానాతో మొదటి బిగింపే చేసి, చివరి బిగింపు చేతి టార్క్ రెంచితో, ఒక నట్టు తరవాత దాని ఎదురు నట్టు వరసన చేయాలి. మితిమీరి బిగిస్తే బోల్టు తెగుతుంది. దారిలో చక్రం ఊడితే పోయేది షాపు పేరొక్కటే కాదు, మనుషుల ప్రాణాలు.

బ్యాటరీని ఎండలో ట్రాక్టరుమీద వదలకండి. మే నెలలో రాజమండ్రి ఎండ మనకే పడదు, దానికేం పడుతుంది? పని అవగానే వేడిమీద ఛార్జి పెట్టకండి. నెలల తరబడి దాచాలంటే సగం ఛార్జితో, చల్లని పొడిచోట ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ ఛార్జి చేయకూడదు. లంకల్లో ఉన్న చెల్లెళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి. 1986లో, 2022లో వచ్చినట్టు వరద ఇంట్లోకి వస్తే, నీట మునిగిన బ్యాటరీ ఆరబెట్టినా పనికిరాదు. తరవాత ఎప్పుడో మంట పుట్టించవచ్చు. దాన్ని చెత్తకుప్పలో వేయకండి. 2022 నాటి నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలు తిరిగి తీసుకునే బాధ్యత తయారీదార్లదే.

పానా ఇంటికి వచ్చిన రోజున పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెడతాం. మంచిదే. ఆ తరవాత ఒక్కసారి మీట మీరూ నొక్కి చూడండి. అర్ధరాత్రి చెరువుగట్టుమీద ఏరేటరు ఆగిపోయి, ఇంట్లో మగవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు, ఆ నట్టు మీ చేతిలోనే ఊడాలి మరి.

సెలవు.