తాళంకప్ప కాపలాలో యురేనియం

సోవియట్ యూనియన్ కూలిపోయాక కజకిస్తాన్‌లోని ఉల్బా లోహ కర్మాగారంలో దాదాపు 600 కిలోల యురేనియం మిగిలింది. అంతా బాంబుకు పనికొచ్చే స్థాయికి శుద్ధిచేసినదే. 20 బాంబులకైనా సరిపోతుంది. మరి కాపలా? గిడ్డంగి తలుపుకు ఒక తాళంకప్ప!

యురేనియాన్ని అంతగా శుద్ధిచేయడం ఉగ్రవాద ముఠాల తరం కాదు. దానికి పెద్ద కర్మాగారాలు, ఏళ్ల తరబడి శ్రమ కావాలి. కాబట్టి వాళ్లకున్న దారులు రెండే: దొంగిలించడమో, దొంగసరుకు కొనడమో. అందుకే అసలు రక్షణ గిడ్డంగి దగ్గరే మొదలవ్వాలి.

కజకిస్తాన్ ప్రభుత్వం అమెరికా సాయం తీసుకుంది, మెచ్చుకోదగ్గ పని. నిపుణులు వారాల తరబడి గుట్టుగా పనిచేసి సరుకంతా డబ్బాల్లోకి ఎత్తారు. 1994 నవంబరులో భారీ సైనిక విమానాల్లో అమెరికాకు తరలించి, అక్కడి ఓక్ రిడ్జ్ అణు కేంద్రంలో భద్రపరిచారు. తర్వాత అందులో చాలాభాగాన్ని పలచబరిచి, విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా మార్చారు.