మన పిల్లలకు చరిత్ర ఎందుకు?

(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకు ముందే పంచాంగ శ్రవణము ముగిసినది. రాబోవు ఏడు వానలెట్లుండునో, ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో పంతులుగారు చదివి వినిపించినారు. రాబోవు దానిని గూర్చి వినుట మనకందరకు ఇష్టమే. గడచిన దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము ఇచ్చట నిలువబెట్టినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసికొనువారము. మా ఇంటిలో మాకు జరిగిన ఒక చిన్న తలవంపు చేత ఈ విషయమును ఆలోచించుట నేర్చుకొంటిమి. దానినే మొదట మనవి చేసెదము.

మా స్వగ్రామము మురుగమల్ల. చింతామణి తాలూకాలోనిది. 2007 వరకు కోలారు జిల్లా, అప్పటినుండి చిక్కబళ్ళాపురము జిల్లా. అమ్మాజాన్ బావాజాన్ దర్గా ఉన్న ఊరన్నచో మీలో పలువురు గుర్తింపగలరు. హిందువులు, ముసల్మానులు కలిసి మ్రొక్కుకొను చోటు అది. అచ్చట ఇంటిలో మాటలాడునది తెలుగు, బడిలో నేర్చునది కన్నడము. సంతలో బేరము రెండింటను సాగును, ఉర్దూ తోడైనను ఎవరికిని ఇబ్బంది లేదు.

ఉద్యోగము కొరకు మేము బెంగుళూరు చేరితిమి. మా పెద్దవాడు ఆరవ తరగతి చదువుచున్నాడు. మీ కుటుంబము ఎక్కడినుండి వచ్చినదో అరపేజీ వ్రాసికొని రండని బడిలో అయ్యవారు చెప్పినారట. ఉదయము డ్యూటీకి పోవు తొందరలో ఉండగా వాడు వచ్చి, “నాయనా, మనోళ్ళు యాడనుంచి వచ్చినారు?” అని అడిగెను. మేము చొక్కా గుండీలు పెట్టుకొనుచు, “రాయలవారి కాలంలో సైన్యంతో వచ్చినామని రాసుకోరా” అని చెప్పి వెళ్ళిపోతిమి. మరునాడు పుస్తకము తిరిగివచ్చినది. ఆ వాక్యము క్రింద అయ్యవారు ఎర్రసిరాతో, “ఇది మీకెట్లు తెలిసినది?” అని వ్రాసినారు. పిల్లవాడు పుస్తకము చూపి, “నీకెవరు చెప్పినారు నాయనా?” అనెను. మాకెవరును చెప్పలేదు. ఏదో సభలో ఎవరో తమ వారిని గూర్చి చెప్పుకొనగా విని, బాగున్నదని మాకు కూడ అంటించుకొంటిమి. బిడ్డ ముందర ఆ మాట ఒప్పుకొనుట ఎంత కష్టమో తండ్రులైనవారికి తెలియును.

మా ఆఫీసులో ఒక పార్సిలు తప్పిపోయినదనుకొనుడు. “బహుశా ఫలానా ఊరిలో దిగియుండును” అని గుమాస్తా చెప్పినచో ఎవరును ఒప్పరు. రసీదు చూడవలెను. ఎక్కించిన స్టేషనులో ఏమి నమోదైనదో, దారిలో ఎచ్చట బండి మార్చిరో, దించినప్పుడు ఎవరు సంతకము చేసిరో ఒక్కొక్కటిగా వెనుకకు వెదకికొని పోవలెను. నూరు రూపాయల పార్సిలు కొరకు ఇంత చేయుదుము. మా వంశమును గూర్చి మాత్రము నోటికి వచ్చినది చెప్పితిమి.

ఆ ఆదివారమే పిల్లవానిని వెంటబెట్టుకొని ఊరికి పోతిమి. ఎనుబది దాటిన మేనత్త ఒకరు ఉన్నారు. అడుగగా ఆమె, “రాయలూ లేడు, సైన్యమూ లేదు. ధాత కరువులో మా తాత పిల్లోడుగా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని వచ్చినాడంట. ఈ ఊర్లో ఒక కన్నడపోళ్ళు అంబలి పోసి, గొడ్లు కాసేదానికి పెట్టుకొన్నారంట” అని చెప్పినారు. మేము కొంత చిన్నబోతిమి. మా వాడు మాత్రము, “ధాత అంటే ఎప్పుడు అవ్వా?” అని పట్టుకొనెను.

ఇచ్చట మన పంచాంగము ఎంత పనికివచ్చినదో చూడుడు. ధాత అరువది సంవత్సరములలో పదియవది. 1996లో వచ్చినది, అంతకు ముందు 1936లో, దానికి ముందు 1876లో. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమంతట కరువు వచ్చినదని, మైసూరు సంస్థానము మిక్కిలి నష్టపడినదని పుస్తకములు చెప్పుచున్నవి. 1871 జనాభా లెక్కలో సంస్థానపు జనము యాభై లక్షలకు పైన. 1881 నాటికి నలువదిరెండు లక్షలకు దిగినది. పదేండ్లలో పెరుగవలసిన జనము ఎనిమిది లక్షలకు పైగా తరిగినది. మా మేనత్త నోటి మాట, పంచాంగపు లెక్క, సర్కారు లెక్క మూడును ఒకచోట కలిసినవి. వాడు అరపేజీకి బదులు రెండు పేజీలు వ్రాసెను. చివర, “మా వారికి అంబలి పోసినవారి పేరు మాకు తెలియలేదు” అని వాడే చేర్చెను. ఆ వాక్యము మేము చెప్పినది కాదు.

చరిత్ర చదువు అనగా మా బుద్ధికి తోచినది ఇదియే. రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు కావలసినవే. అంతకంటె ముందు “ఇది నీకెట్లు తెలిసినది?” అని అడుగుట బిడ్డకు అలవాటు కావలెను. ఆ ప్రశ్నను ఎదుటివానిని అడుగునట్లే తన తండ్రిని కూడ అడుగవలెను. అట్లు అడుగుట రానివానికి ఎవరేమి చెప్పినను అదే చరిత్ర యగును. నేడు చేతిలోని ఫోనులో దినమునకొక కొత్త చరిత్ర వచ్చుచున్నది. ఎవరు వ్రాసిరో తెలియదు, ఎక్కడినుండి వచ్చెనో తెలియదు. చదివినవారు ఆవేశపడి పదిమందికి పంపుచున్నారు. ఫలానావారు పరాయివారు, ఫలానావారు ద్రోహులు అను మాటలు అట్లే పుట్టుచున్నవి.

పరాయివారను మాట వచ్చినది గనుక మరొక విషయము. మా ముత్తవ్వ విడిచివచ్చిన పల్లె మురుగమల్లకు ఒక్క పగటి నడక దూరముననే ఉన్నదని మేనత్త చెప్పినారు. నేడది ఆంధ్రప్రదేశములో ఉన్నది. అట్లయినచో మేము ప్రవాసులమా, స్థానికులమా? దీనికి జవాబు పటములో వెదకవలెను. 1799లో శ్రీరంగపట్టణము పడి, టిప్పు సుల్తాను మరణించిన పిమ్మట ఆయన రాజ్యమును పంచిరి. మైసూరు ఒడెయరులకు దక్కినది. గుర్రంకొండ సీమ నిజామునకు పోయినది. నిజాము 1800లో దానిని కుంపిణీ వారికి దత్తము చేసినాడు. ఆ విధముగా కోలారు ఒక పాలనలో, మదనపల్లె మరొక పాలనలో పడినవి. పొలము దున్నుకొనువారిని, పిల్లనిచ్చుకొనువారిని ఎవరును అడుగలేదు. చిత్రావతి నది నేటికిని మా జిల్లాలో పుట్టి, బాగేపల్లి మీదుగా అటువైపునకే పారుచున్నది. తరువాత 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘమువారు కోలారు జిల్లాలో తెలుగువారే ఎక్కువగా ఉన్నారని గుర్తించియు, జిల్లా కన్నడ రాష్ట్రములోనే ఉండుట మేలని తలచినారు. 1956 నవంబరు 1వ తేదీన అట్లే స్థిరపడినది.

ఈ సంగతి చెప్పుట తగవు పెట్టుటకు కాదు. కన్నడము మా బడి భాష, మా అన్నము భాష. మా తాతకు అంబలి పోసిన భాష కూడ. కాని “మీరెప్పుడు వచ్చితిరి?” అని ఎవరైన అడిగినచో మా బిడ్డ తలవంచుకొనకుండ, కోపపడకుండ, తెలిసిన సంగతి తిన్నగా చెప్పగలుగవలెను. తెలిసినవానికి కోపముతో పనిలేదు.

దూరమునుండి వచ్చినవారి కథయు అట్టిదే. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురము వద్ద ముద్దేనహళ్ళిలో జన్మించిరి. 1955లో భారతరత్న పొందిన ఆ మహనీయుని పూర్వుల ఊరు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము. ఊరు విడిచి ఎన్ని తరములైనను ఇంటిపేరు ఊరిని విడువలేదు. ఈ సభలోనివారు ఇంటికి పోయి తమ ఇంటిపేరేమి చెప్పుచున్నదో పిల్లలతో కూడ ఆలోచింపుడు. చాలమందికి అందులోనే ఒక ఊరు దొరకును.

ఊళ్ళ పేర్లు మారుట మా శాఖలో కొత్త కాదు. బంగారపేట జంక్షనును పూర్వము బౌరింగుపేట అనిరి. బౌరింగ్ అనునతడు మైసూరునకు కమిషనరుగా ఉండిన దొర. 2014లో బ్యాంగలూరు బెంగళూరు అయినది. పేరు మారిన పిమ్మట పాత రికార్డు వెదకవలసినచో పాత పేరు తెలిసిన గుమాస్తాయే గతి. బాగేపల్లి పేరును భాగ్యనగరముగా మార్చవలెనని 2025 జూలైలో నందికొండపై కూడిన కర్ణాటక మంత్రివర్గము నిర్ణయించినది. ప్రభుత్వము ఏ పేరు పెట్టినను వాడుకొందుము. ‘పల్లె’ అను మాట ఆ సీమలో ఏ భాషవారు కాపురముండిరో చెప్పు రసీదు వంటిది. రసీదు చింపవద్దు. పిల్లలకు రెండు పేర్లును నేర్పుదము.

చరిత్ర చెప్పునప్పుడు ఒక్కవైపు లెక్క చాలదు. గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థము మనవారందరు నాగప్రతిష్ఠలకు పోవు క్షేత్రము. 1938 ఏప్రిలు 25వ తేదీన అచ్చట జెండా సత్యాగ్రహమునకు కూడిన జనముపై పోలీసులు తుపాకులు కాల్చిరి. మృతుల విషయమున సర్కారు లెక్క ఒకటి, ప్రజల లెక్క అంతకు చాల ఎక్కువ. 32 మంది అని జనులు చెప్పుకొందురు. వేపా రామేశముగారి అధ్యక్షతన విచారణ జరిగినది. పిల్లవానికి ఒక సంఖ్య బట్టీ పట్టించుట సులభము. రెండు లెక్కలు ఎందుకున్నవి, ఎవరు లెక్కించిరి, తక్కువ చెప్పిన ఎవరికి మేలు, ఎక్కువ చెప్పిన ఎవరికి మేలు అని అడిగించుట కష్టము. ఆ కష్టమే చదువు.

ఇక మన ఊళ్ళలోని రాళ్ళు. మా తాలూకాలో చెరువు కట్టల మీద, గుడి వాకిళ్ళలో వ్రాత ఉన్న రాళ్ళు, వీరగల్లులు నేటికిని కనబడును. మైసూరు పురాతత్త్వ శాఖకు అధికారిగా ఉండిన రైసు దొర కోలారు జిల్లా శాసనములను సేకరించి 1905లో ఒక సంపుటముగా అచ్చువేయించెను. అందులో కన్నడము, తెలుగు, తమిళము మూడును ఉన్నవి. ఈ నాడు బెంగుళూరులోని మిథిక్ సొసైటీవారు శాసనములను యంత్రములతో పట్టి, చెరగని ప్రతులు చేయుచున్నారు. వారట్లు శ్రమపడుచుండగా మనము చేయునదేమి? ఒక పల్లెలో అట్టి రాతిపై పిల్లలు కూర్చుండి చింతకాయలు దంచుచుండగా చూచితిమి. మేమును చిన్ననాడు అట్లే చేసినవారము గనుక వారిని కోపపడలేకపోతిమి. అది రాయి యని తప్ప మరేమియు మాకెవరును చెప్పలేదు.

ఆ రాళ్ళలో కొన్ని చెరువుల సంగతి చెప్పును. చెరువు కట్టించినవానికి దాని క్రింది భూమిలో కొంత మాన్యమిచ్చి, దానిని దశబంధమనిరి. కట్ట తెగకుండ చూచుకొనుట ఆ మాన్యముతో వచ్చిన బాధ్యత. పెద్ద ఏరు లేని మా సీమలో చెరువే ప్రాణము. 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు తోడుచున్నారు. ఈ స్థితికి ఎట్లు వచ్చితిమో తెలియవలెనన్నచో కాలువలు ఎప్పుడు పూడినవి, కట్టను చూచు బాధ్యత ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయి, చివరకు ఎవరికిని లేకపోయినది అని వెనుకకు వెదకవలసినదే. చరిత్ర తీరికవారి కాలక్షేపమనువారు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పవలెను.

సురవరం ప్రతాపరెడ్డిగారు “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” అను గ్రంథములో మన పూర్వుల తిండిని, బట్టను, ఆటలను చరిత్రగా వ్రాసినారు. దానికి 1955లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. మా మేనత్త చెప్పిన అంబలి కూడ చరిత్రయే యని ఆ గ్రంథము మాకు ధైర్యమిచ్చినది.

కడపటి మాట. కైవారము తాతయ్యగారు గాజులమ్ముకొని బ్రతికి, తెలుగున, కన్నడమున కీర్తనలు కట్టిన యోగి. ఆయన తెలుగు కీర్తనలను మా ఇండ్లలో కన్నడ లిపిలో చదివి పాడుకొందురు. లిపి ఏదైనను పాట నిలిచినది, సంతోషమే. కాని మా పెట్టెలో తాతనాటి తెలుగు దస్తావేజు ఒకటి ఉన్నది. మేము కూడబలుకుకొని చదువుదుము. మా వానికి ఒక్క అక్షరము రాదు. మా తరముతో ఆ కాగితము మూగదగును.

కావున సంఘమువారికి మూడు విన్నపములు. ఒకటి, ఈ ఏడాదిలో ప్రతి కుటుంబము ఇంటిలోని ముసలివారిని అడిగి, విన్నది విన్నట్లు, తెలియనిది తెలియదని రెండు పేజీలు వ్రాసి సంఘమునకు ఇయ్యవలెను. రెండు, ఆదివారముల తెలుగు అక్షరముల తరగతి పెట్టవలెను. చేతనైనంత నేర్పుటకు మేము వచ్చెదము. మూడు, వేసవి సెలవులలో పిల్లలను ఒక్క దినము మా తాలూకాకు తీసికొనిపోయి, ఒక శాసనము ముందర నిలిపి, మనమేమియు చెప్పక వారినే ప్రశ్నలడుగనీయవలెను.

వచ్చు ఉగాదికి పంచాంగ శ్రవణము తరువాత ఆ పేజీలలో కొన్నింటిని పిల్లల చేతనే చదివింతము. మా ఇంటి పేజీలో సేనాధిపతులుండరు. చేయి పట్టుకొని నడచివచ్చిన ఒక తల్లియు, పేరు తెలియని ఒక ఇంటి అంబలియు ఉండును. అంతవరకు అది నిజమని మాత్రము మా వాడు చెప్పగలడు.