గోష్ఠీపరీక్షయందు మాటాడు తెఱగు

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిని గూర్చియు పెద్దలు చెప్పియేయున్నారు. మేము చిన్నదిగా గనుపించు నొక సంగతిని ఎత్తుకొందుము. 2008లో నూజివీడున ట్రిపుల్ ఐటీ వెలసిన పిమ్మట ఇంజనీరింగు చదువు మన పల్లెల గుమ్మము ముందరికే వచ్చినది. పిల్లలు చదువుచున్నారు, వ్రాతపరీక్షలలో నెగ్గుచున్నారు. అటుపిమ్మట "గ్రూపు డిస్కషను" అను గోష్ఠీపరీక్షలో కొందఱు వెనుదిరిగి వచ్చుచున్నారు.

మా యెఱుకలోని యొక చిన్నవాడు ఒక సంస్థవారి ఉద్యోగమునకై పోయి వ్రాతలో మేటిగా నిలిచెను. పిమ్మట పదిమందిని వర్తులముగా గూర్చుండబెట్టి, దళారి లేకుండ రైతు తన పంట నమ్ముకొనగలడా యను విషయమిచ్చి, పదునైదు నిమిషములు మాటాడుకొనుడనిరట. మనవాడు మామిడితోటలో బుట్టి పెరిగినవాడు. పూతనాడే తోటను గుత్తకిచ్చుట, కాయ కోయుట, రకముల నేఱుట, కమీషను చెల్లించుట, అన్నియు వానికి ఇంటి సంగతులు. తక్కిన తొమ్మండుగురిలో తోట మొగము చూచినవారెందఱో! అయినను వాడు నోరు మెదపలేదు. ఇంగ్లీషు వాక్యము మనస్సులో కుదురునంతలో మాట వేఱొకచోటికి బోయెనట. "మావాడు మాటకారి కాడు పంతులుగారూ" అని తండ్రి వాపోయెను. మాకు సిగ్గు కలిగెను. ముప్పది యేండ్లకు పైగా "మాటాడకుడు" అని బెత్తముతో బల్ల మీద గొట్టినవారము మేమే గదా!

ఈ పరీక్ష పుట్టుక తెలిసినచో సగము భయము తీరును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, బ్రిటిషు సైన్యమువారు అధికారుల నెన్నుకొనుటకు కొత్త మండలుల నేర్పఱచిరి. విల్ఫ్రెడ్ బయన్ అను మనోవైద్యుడు, నాయకుడు లేని గుంపునకు ఒక పని నొప్పగించి చూడుమనెను. ప్రతివాడును తన గొప్ప చాటుకొన గోరును. గుంపు పనియు సాగవలెను. ఈ రెంటి పెనుగులాటలో మనిషి యెట్లు నడచునో పరీక్షకుడు మూల గూర్చుండి చూచును. మన దేశమున సైన్యాధికారుల ఎంపికలో నేటికిని ఈ పద్ధతి యున్నది. కావున అచట చూడబడునది ఒక్క వాగ్ధాటి కాదు. నీవలన గుంపు పని ముందుకు జరిగినదా లేదా యనునదియే.

మన శాస్త్రకారులకు ఇది కొత్త కాదు. గౌతముని న్యాయశాస్త్రము మాటలపోరును వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించినది. తత్త్వము తెలియుటకు వాదము, గెలుపునకు జల్పము, తన పక్షమన్నది లేక ఎదుటివాని మాటను గొట్టివేయుట వితండ. వైద్యగ్రంథమైన చరకసంహితయు విమానస్థానమున, కలిసి చేయు సంభాషణ వేఱు, కలహించి చేయు సంభాషణ వేఱు అని చెప్పినది. గోష్ఠీపరీక్షకు బోవువారికి కోచింగు చోట్ల జల్పమును నేర్పుచున్నారని మా యనుమానము. "మొదట మాటాడినవానికే మార్కులు" అని పిల్లలకు నూరిపోయుచున్నారట! చెప్పదగినది లేక మొదట లేచినవాడు తన లేమినే మొదట చాటుకొనును.

గౌతముడు చెప్పిన ఇరువదిరెండు నిగ్రహస్థానములలో, అనగా వాది యోడిపోవు చోటులలో, ఈ పరీక్షకు బోవువారు కొన్నింటినైన నెఱుగవలెను. అన్నమాటనే మరల అనుట పునరుక్తము. విషయము విడిచి వేఱొకటి పలుకుట అర్థాంతరము. మా మనస్సునకు ఎక్కువగా దగిలినది అననుభాషణము: ఎదుటివాడు చెప్పి, సభ తెలిసికొన్నదానిని తాను తిరిగి చెప్పలేకపోవుట. వినలేదని దాని యర్థము. ఈ దోషమును దాటినవానికి తక్కినవి చాలవఱకు వాటంతట వచ్చునని మా నమ్మకము.

గత వేసవిలో ఎనమండుగురు పిల్లలను మా యరుగు మీద గూర్చుండబెట్టి, పూతలోనే తోట గుత్తకిచ్చుట మేలా, కాయ కోతవఱకు రైతు నిలుపుకొనుట మేలా యని అడిగితిమి. ముందు తెలుగున, తరువాత అదే విషయము ఇంగ్లీషున. అయిదు నిమిషములు చేపల సంత వలె సాగెను. ఒక బాలిక మాత్రము ఊరక వినుచు కాగితము మీద గీతలు గీయుచుండెను. సందు దొరకగానే మెల్లగా ననెను: "గుత్త సొమ్ము ముందే చేతికి వచ్చునని ఇతడన్నాడు. ధర పెరిగితే లాభము వర్తకునిదని ఆమె అన్నది. రెండును నిజమే. ఈదురుగాలికి కాయ రాలితే నష్టమెవరిదో ముందు తేల్చుకొందమా?" అంతటితో కేకలు నిలిచి లెక్కలు మొదలయ్యెను. బంగినపల్లి తోటకును చిన్నరసాల తోటకును సమాధానమొక్కటి కాదనువఱకు మాట పోయెను. ఆమె పలికినది మూడు మాఱులే. మార్కులు వేసిన మేము ఆమెనే మొదట నిలిపితిమి.

మన పిల్లలకు వినుట తెలియును. పెద్దల యెదుట అణకువ నేర్పితిమి గనుక. మాటలోనికి జొచ్చుట తెలియదు. దానిని అభ్యాసముచేతనే నేర్పవలెను. ఒకరు ఊపిరి దీసికొను క్షణమును బట్టుకొనుట. వారిని పేరుతో బిలిచి వారి మాటనే యందుకొనుట. పరీక్షకుని వంక గాక తోడివారి వంక చూచి పలుకుట. తెలియని యంకెలను కల్పింపక తాను కన్నదానిని చెప్పుట. ఇంగ్లీషు వాక్యము పొట్టిదైనను చాలును. నోరు విప్పనివానిని ఒకడు "మీరేమందురు?" అని అడిగినచో, ఆ యడిగినవాని గుణమును పరీక్షకుడు తప్పక గమనించును.

ఆదివారపు సాయంకాలములందు మా యరుగు మీద ఈ యభ్యాసము సాగుచున్నది. ఎనమండుగురికి మించి చోటు లేదు; ఇప్పటికే పదునలువురు వచ్చుచున్నారు. సంఘభవనములోని వెనుకటి గదిని వారమునకు రెండు గంటలు ఇప్పింపుడని పోషకులను వేడుచున్నాము. ఉద్యోగములలో నున్న మన యువకులు ఒకరిద్దఱు వచ్చి మూల గూర్చుండి మార్కులు వేయవలెను. పిల్లలకు మా మొగము మఱీ యలవాటైపోయినది. కుర్చీలు మేము తెచ్చుకొందుము.