సూది లేని కుట్టు

యువ వైద్యులారా, మీరు పట్టా అందుకుంటున్న ఈ సూరత్‌కు లేజర్ కొత్త కాదు. ఇక్కడి వజ్రాల కార్ఖానాల్లో ముడిరాయిని కోసేది అదే. రాయిని కోసే వెలుగు ఆపరేషన్ చేసిన చోట చర్మాన్ని అతికిస్తుందంటే వింతగానే తోస్తుంది. కిటుకంతా వేడిలో ఉంది. చర్మానికి గట్టిదనమిచ్చే కొల్లాజెన్ పోగులు సుమారు 60-65 డిగ్రీల దగ్గర అల్లిక సడలి మెత్తబడతాయి. అప్పుడు గాయం అంచులు ఆనుకుని ఉంటే, చల్లారుతూ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. వేడి కాస్త మించితే కండ ఉడుకుతుంది, తగ్గితే అతుకు ఊడుతుంది. 1979లోనే జైన్, గోరిష్ అనే ఇద్దరు నియోడిమియం-యాగ్ లేజర్‌తో సన్నని రక్తనాళాలను అతికించారు. అయినా ఈ పద్ధతి ఇంకా రోజువారీ ఆపరేషన్ గదిలోకి రాలేదంటే, ఆ నాలుగైదు డిగ్రీల ఇరుకు ముఖ్య కారణం.

ఆ ఇరుకును దాటే దారులు దొరుకుతున్నాయి. టెల్ అవీవ్‌లో కట్జీర్ బృందం గాయం వేడిని క్షణక్షణం కొలుస్తూ లేజర్‌ను తనంతట తానే తగ్గేలా చేసింది. అరిజోనాలో కౌశల్ రెగె బృందం పట్టు ప్రోటీన్‌లో అతి సూక్ష్మమైన బంగారు కడ్డీలు కలిపి, వేడి గాయం అంచులోనే పుట్టేలా చూసింది. పట్టు, బంగారం కలిస్తే ఏమవుతుందో జరీ నేసే ఊరికి వేరే చెప్పాలా! బోస్టన్ పరిశోధకులు వేడినే పక్కన పెట్టి, రోజ్ బెంగాల్ అనే రంగు పూసి ఆకుపచ్చ కాంతితో అంచులు కలిపారు. 31 మంది మీద జరిగి 2012లో వెలువడిన ఆ అధ్యయనంలో ఒకే గాయంలో సగం పైపొరను కుట్టారు, సగం వెలుగుతో మూశారు. ఆరు నెలలకు వెలుగు సగంలో మచ్చ మెరుగ్గా కనిపించింది. లోపలి పొరకు మాత్రం రెండు సగాల్లోనూ దారమే వేశారు. ఆ సంగతి మరవకండి.

చౌకైన, కరెంటు అక్కరలేని దారం ఉండగా ఇదెందుకని అడగవచ్చు. దారం పోగు చుట్టూ సూది రంధ్రాలుంటాయి, వాటి మచ్చలుంటాయి. కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ రావాలి. వరంగల్, కరీంనగర్‌ల నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద బతుకుతున్న మన మనిషికి అదొక రోజు కూలి. కాబట్టి ప్రశ్న న్యాయమైనదే గాని, జవాబు దారం పక్షాన ముగిసిపోదు.

నన్ను కలవరపెట్టేది వేరొకటి. మెలనిన్ కాంతిని మింగుతుంది. ఆకుపచ్చ కాంతిని బాగా ఎక్కువగా, 808 నానోమీటర్ల డయోడ్ లేజర్‌ను కొంత తక్కువగా. తెల్లని చర్మం మీద కుదిర్చిన మోతాదు నల్లని చర్మం పైపొరను కాల్చవచ్చు. వెలుగుతోనే పనిచేసే, వేలికి తగిలించే ఆక్సీమీటర్ సంగతే చూడండి. అమెరికాలో 2020లో వెలువడిన అధ్యయనంలో, అది చూపిన అంకె బాగున్నా రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, శ్వేతజాతీయుల్లో 3.6 శాతం. నీరు పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కు ఈ రంగు పట్టింపు లేదు గదా అంటారు. నిజమే, కానీ అది చర్మంలోకి దిగే లోతు మరీ తక్కువ. ఇక్కడి చర్మాల మీద మోతాదును మళ్లీ పరీక్షిస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుందనే వారికి నా జవాబు ఒకటే: కాలిన చర్మం మానడానికి పట్టే కాలం ఇంకా ఎక్కువ. ఆ పరీక్ష మీ చేతుల్లోనే ఉంది. వెలుగుతో గాయం మూసే పరికరం మీ ఆసుపత్రికి వచ్చిన రోజున, ప్రతి రోగి కాగితంలో గాయం వేడి పక్కన చర్మం రంగుకూ ఒక గడి గీయండి, ఆరు నెలల తర్వాత మచ్చకు మరొకటి.