ఉమ్మడి పెరడు

(సంఘము ఉగాది సభలో తోట కమిటీ పక్షమున చేసిన ఉపన్యాసము)



ఇప్పుడే మనము ఉగాది పచ్చడి రుచి చూచితిమి. అందులోని వేపపువ్వు మన తోట గట్టుమీది చెట్టుది. తోటను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము ఆదేశించిరి. పచ్చడిలో వలెనే మా మాటలలోను చేదు కొంత కలదు. మన్నింపుడు.

మన పెద్దలు తెలంగాణ పల్లెలను విడిచి, మగ్గమును నమ్ముకొని ఈ షోలాపూరు చేరిరి. భాషను తెచ్చుకొనిరి, పండుగలను తెచ్చుకొనిరి. పెరటిని మాత్రము తేలేకపోయిరి. రెండు గదుల ఇంటిలో మగ్గమునకు చోటు చూచుకొనిన పిమ్మట బీరపాదునకు చోటెక్కడిది? కోస్తావారు గోంగూర యనుదానిని మన ముసలివారు పుంటికూర యనిరి. కన్నడిగులు పుండి యందురు, మరాఠీవారు అంబాడీ యందురు. ఏ పేరుతో అడిగినను బజారులో దొరకును. కాని అది మొలకెత్తుట చూచిన పిల్లలు మన ఇండ్లలో ఎందరు?

ఈ లోటు తీర్చుటకే మూడేండ్ల క్రిందట మన పెద్దలలో ఒకరు తమ ఖాళీ స్థలమును సంఘమునకు వాడుకొనుటకు ఇచ్చిరి. అద్దె లేదు, పత్రము లేదు, మూడేండ్లని నోటిమాట. మనము దానిని 24 మడులు చేసితిమి. ఒక్కొక్కటి 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. మొదటి యేడు 24 మడులును పచ్చగా నుండెను. నిరుడు ఎండకాలము ముగియు నాటికి 9 మడులు బీడుపడెను. గడువు ఈ వానకాలముతో తీరును. ఆ పెద్దమనిషి మాతో కోపముగా ఏమియు అనలేదు. పండించువారుండినంత కాలము స్థలము మీదే, బీడు పెట్టుటకైతే మాకే ఇచ్చివేయుడని మాత్రము చెప్పిరి. అందులో అన్యాయమేమున్నది?

ఎందుకు బీడుపడెను? నీరు లేకయని చాలమంది అందురు. లెక్క చూతము. 200 చదరపు అడుగుల మడికి నడివేసవిలో రోజునకు సుమారు 80 లీటర్ల నీరు కావలెను. పెద్ద బకెట్లతో అయిదారు. 24 మడులకు 2,000 లీటర్లకు కొంచెము తక్కువ. తోటలోని తొట్టి ఒకసారి నిండిన ఆ నీరు చాలును. కాని మొదట వచ్చినవారు గొట్టము వేసి మడి ముంచిరి. మరమగ్గము మీద రాత్రి పాళీ ముగించుకొని ఆలస్యముగా వచ్చినవారికి తొట్టి అడుగు కనబడెను. రెండు వారములు అట్లు జరిగిన పిదప వారు రాలేదు. ఎండినది మొక్క గాదు, మనసు.

తప్పు మాదియు కలదు. ముఖము చూచి మడులిచ్చితిమి. గడువు వ్రాయలేదు. ఒకే ఇంటివారు రెండు పేర్లతో రెండు మడులు పట్టియుండగా, మడి కోరినవారిని ‘తరువాత చూతము’ అని పంపితిమి. పుస్తకము లేని తోటలో మొహమాటమే చట్టమైనది.

ఇటువంటి తోటలు లోకమునకు క్రొత్తవి గావు. ఇంగ్లండులో 1908 నాటి చట్టము, ప్రజలు కోరినచోట సాగుమడులు సమకూర్చు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచినది. అక్కడి పూర్తి మడి సుమారు 250 చదరపు మీటర్లు. మడుల కొరకు సేకరించిన స్థలమును ప్రభుత్వ మంత్రి సమ్మతి లేక అమ్మరాదని 1925 చట్టము కట్టుబాటు చేసినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అక్కడ అట్టి మడులు సుమారు 14 లక్షలుండెను.

జర్మనీ కథ మనకు మరింత దగ్గర. లైప్జిగ్ నగరములో 1865లో పిల్లల ఆటలకని ఒక మైదానము తెరచిరి. కొంతకాలమునకు గెజెల్ అను ఉపాధ్యాయుడు దాని అంచున పిల్లల చేత చిన్న మడులు వేయించెను. పిల్లలు త్వరలోనే విసిగిరి. మడులు కలుపుతో నిండెను. అప్పుడు తల్లిదండ్రులు పార పట్టిరి. నేడు ఆ దేశమంతట నున్న కుటుంబ తోటలకు అదియొక మూలము. మొదటి ఉత్సాహము చల్లారుట సహజమనియు, అప్పుడు పార అందుకొను చేయి ఉన్ననే తోట నిలుచుననియు దీనివలన తెలియుచున్నది.

కావున నాలుగు కట్టుబాట్లు సభ ముందుంచుచున్నాము.

ఒకటి: ఇంటికి ఒకటే మడి. ఉగాది నుండి ఉగాది వరకు గడువు. పేర్లు, వరుస పట్టిక అందరకు కనబడునట్లు గోడకు అంటింపబడును.

రెండు: నెలరోజులు బీడున్న మడికి ఇంటికి వెళ్లి కబురు చెప్పుదుము. జబ్బో, కాన్పో, ప్రయాణమో ఐన ప్రక్క మడివారు నీరు పోయుదురు. కారణము లేకున్న మరి పదునైదు రోజులకు మడి వరుసలోని తరువాతివారికి చేరును.

మూడు: నీటికి పాళీ. గొట్టము వద్దు, బకెట్టే. రాత్రి పని చేయువారికి ఉదయపు పాళీ విడిచి యుంచవలెను.

నాలుగు: నెలకొక ఆదివారము అందరు కలిసి బాటలు, కంచె, తొట్టి చూడవలెను. జమాఖర్చులు ఆనాడే చదివి వినిపింతుము.

ఇక సాగును గూర్చి రెండు మాటలు. ఈ ఎండలకు ఎత్తు మడులకంటె పల్లపు మడులు మేలు; నీరు నిలుచును. చుట్టుపట్ల చెరకు ఆకు దొరకును. మూడు వ్రేళ్ల మందమున పరచిన తేమ ఆరదు. రంగు వేసిన నూలు చెత్త మాత్రము మడిలో వేయకుడు. వేసవికి మెంతికూర, కొత్తిమీర పట్టుపట్టకుడు. తోటకూర, గంగవాయిలికూర, పుంటికూర ఎండకు ఓర్చును. పుంటికూర, బెండ, పత్తి ఒకే కుటుంబపు మొక్కలు. పురుగులు సైతము బంధువులవలె ఒక యింటినుండి ఒక యింటికి వచ్చును. కనుక పుంటికూర తీసిన చోట బెండ వేయక, చిక్కుడో అలసందో వేయుడు. మన పొట్ట నింపిన పత్తికిని, మన కంచములోని పుంటికూరకును చుట్టరికమున్నదని తెలిసినప్పుడు మాకు ఎంతయో సంతోషము కలిగినది.

మడి లేనివారు ఏమి చేయగలరని అడుగవచ్చును. వంటింటి తుక్కు ఎరువుగుంటకు పంపవచ్చును. ఊరికి పోయినప్పుడు విత్తనములు తేవచ్చును. ఒక పాళీ నీరు పోయవచ్చును. నిరుడు ఎండలలో ఒక్క మడి వాడలేదు. అది బీడీలు చుట్టుకొని బ్రతుకు ఒక వృద్ధమాతది. నడుము వంగక ఆమె తానుగా బకెట్టు ఎత్తలేదు. ప్రక్క వీధి పిల్లలిద్దరు సాయంకాలము నీరు పోసిరి. ఆమె గట్టున కూర్చుండి ఏ ఆకు కోయవలెనో, ఏ కాయ విత్తనమునకు విడువవలెనో చెప్పెను. ఈనాడు మన సంఘపు సీసాలోనున్న పుంటికూర విత్తనము ఆ మడిదే. ఆ పిల్లలకు మడి లేదు, ఆమెకు బలము లేదు. అయినను మడి పండినది.

చైత్రము మనకు సంవత్సరాది. తోటకు మాత్రము పరీక్షాకాలము. రానున్న రెండు నెలలు నిలిపిన, వానకాలమున ఆ పెద్దమనిషి వద్దకు తలయెత్తి పోగలము. ఈసారి గడువును పత్రము మీద వ్రాసి యిమ్మని అడుగగలము. నిలుపలేకున్న తాళపుచెవి వారి చేతికిచ్చి రావలసినదే.

పుస్తకము ద్వారము ప్రక్క బల్లమీద నున్నది. కమిటీవారి పేర్లును అందులో వరుసలోనే యున్నవి, ముందుగా కాదు. బీడుపడిన 9 మడులకు 9 ఇండ్లవారు, నీటి పాళీకి పండ్రెండుగురు కావలెను. భోజనమునకు లేచునప్పుడు ఒక్క నిమిషము అక్కడ నిలువుడు. పేరు వ్రాసినవారికి పిడికెడు పుంటికూర విత్తనము ఇచ్చెదము.